తాజా కలంలో ఒక పేరు

స్టాటిస్టిక్స్ చదువుకున్న తెలుగువాళ్లకి ఒక చిన్న గర్వం ఉంటుంది. డిగ్రీ చివరి సంవత్సరంలోనో ఎం.ఎస్సీ.లోనో అంచనాల అధ్యాయం దగ్గరకొచ్చేసరికి పాఠ్యపుస్తకంలో మన పేరొకటి కనిపిస్తుంది. రావ్-బ్లాక్‌వెల్ సిద్ధాంతం. ఒక ముడి అంచనాని తీసుకుని, నమూనాలో ఉన్న సమాచారమంతా లెక్కలోకి వచ్చేలా సవరిస్తే, కొత్త అంచనా పాతదానికన్నా మెరుగుపడుతుందే గానీ ఎన్నడూ చెడదు. స్థూలంగా అంతే. ఇరవై ఏళ్లకు పైగా ఒక డిగ్రీ కాలేజీలో ఈ పాఠం చెప్పాను. సి.ఆర్. రావుగారి పేరు రాగానే క్లాసు నిటారుగా కూర్చునేది. హడగలిలో పుట్టారనీ, గూడూరు, నూజివీడు, నందిగామ, విశాఖపట్నాల్లో చదివారనీ, కలకత్తా వెళ్లి ప్రపంచమంతా తెలిసిన శాస్త్రజ్ఞుడయ్యారనీ చెబితే కళ్లు మెరిసేవి. ఆ అడ్డగీతకి ఆవలి పేరు ఎవరిదని మాత్రం ఎవరూ అడగరు. పుస్తకమూ చెప్పదు.

డేవిడ్ బ్లాక్‌వెల్ 1919లో అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో ఒక రైల్వే కార్మికుడి ఇంట పుట్టిన నల్లజాతి మనిషి. పదహారేళ్లకి యూనివర్సిటీలో చేరి, 1941లో, ఇరవై రెండేళ్ల వయసులో డాక్టరేట్ తీసుకున్నాడు. ఆ వెంటనే ప్రిన్స్‌టన్‌లోని ఇన్‌స్టిట్యూట్ ఫర్ అడ్వాన్స్‌డ్ స్టడీలో ఏడాది ఫెలోషిప్ వచ్చింది. అక్కడి ఫెలోలకి పక్కనే ఉన్న ప్రిన్స్‌టన్ యూనివర్సిటీ గౌరవ సభ్యత్వం ఇవ్వడం రివాజు. ఈయన దగ్గరకొచ్చేసరికి యూనివర్సిటీ అభ్యంతరం చెప్పింది. ఉద్యోగం కోసం వందకు పైగా దరఖాస్తులు పంపాడు, అన్నీ నల్లజాతివారి కాలేజీలకే. మిగతావి తనకోసం ఉన్నవని ఆయన అనుకోనే లేదు. 1942లో బర్కిలీలో జెర్జీ నేమన్ ఆయన్ని తీసుకుందామనుకున్నాడు. అక్కడి గణిత విభాగాధిపతి ఇంట్లో సహోద్యోగులకు విందులివ్వడం ఆనవాయితీ. నల్లవాణ్ని మా ఇంట్లో భోజనానికి కూర్చోబెట్టనని ఆ ఇంటావిడ అన్నదనీ, దాంతో వ్యవహారం అక్కడే ఆగిందనీ చాలా ఏళ్ల తర్వాత బయటికొచ్చింది. సిద్ధాంతానికి రావుగారి వ్యాసం 1945ది, బ్లాక్‌వెల్ వ్యాసం 1947ది. బర్కిలీ ఉద్యోగం వచ్చింది 1954లో.

ఈ విందు సంగతి చదివినప్పుడు నేను చాలాసేపు పుస్తకం మూసి కూర్చున్నాను. పంక్తి భోజనం గురించి మనకి ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు. ఒక మనిషి మేధస్సుని యూనివర్సిటీ కొలవకముందే, ఆ మనిషి ఏ గడప దాటొచ్చో ఏ విస్తరి ముందు కూర్చోవచ్చో ఇల్లు తేల్చేస్తుంది. ఆ ఇంటికి కాపలా కాస్తున్నది ఒక స్త్రీ అన్నది స్త్రీవాదులుగా మనం తప్పుకుపోవాల్సిన విషయం కాదు. ఆమెకి ఆ యూనివర్సిటీలో ఏ అధికారమూ లేదు. ఉన్న ఒక్క అధికారం వంటింటిది. దాన్ని ఆమె ఎవరిమీద వాడింది!

ఈమధ్య స్టాటిస్టిక్స్, డేటా సైన్స్ రంగాల్లో అంచులకు నెట్టబడ్డవాళ్ల జీవితకథలు వరసగా చదువుతూ వచ్చాను. ఆడవాళ్లవి, నల్లవాళ్లవి, మన దేశంలో పరిశోధన చేసిన స్త్రీలవి. ఇదొక సాహిత్య ప్రక్రియగా స్థిరపడింది. 2016లో మార్గో లీ షెటర్లీ రాసిన 'హిడెన్ ఫిగర్స్' సినిమా కూడా అయ్యాక దీనికి గిరాకీ బాగా పెరిగింది. ఆ పుస్తకం మంచిదే, ఆర్కైవుల్లో చాలా శ్రమపడి రాసింది. నా పేచీ దాని తర్వాత ఊరూరా మొలిచిన స్ఫూర్తి గాథలతో. వాటన్నిటికీ ఒకటే చట్రం. ప్రతిభ ఉంటుంది, అవమానాలుంటాయి, పట్టుదల గెలుస్తుంది. మహిళా దినోత్సవం నాడు కాలేజీల్లో మాట్లాడమని పిలిచేదీ ఈ కథ చెప్పమనే. విన్న అమ్మాయిలు చప్పట్లు కొడతారు, ఇంటికెళ్తారు. మరుసటి సోమవారం వాళ్ల దరఖాస్తు ఎవరి బల్లమీద ఉంటుందో, ఆ బల్ల వెనక మనిషి ఏం చేస్తాడో ఆ కథలో ఉండదు. అసలు కథ అక్కడే ఉందని నా అభిప్రాయం.

గెర్‌ట్రూడ్ కాక్స్ సంగతి తీసుకుందాం. 1940లో నార్త్ కరోలైనాలో కొత్తగా స్టాటిస్టిక్స్ విభాగం పెట్టబోతున్నారు. దానికి అధిపతిగా ఎవరిని తీసుకోవాలో చెప్పమని అయోవా స్టేట్‌లో ఉన్న జార్జ్ స్నెడెకర్‌ని అడిగారు. ఆయన పేర్లన్నీ రాశాడు, అందరూ మగవాళ్లే. ఆ జాబితాని తన దగ్గర పనిచేస్తున్న కాక్స్‌కి చూపించాడు. నా పేరెందుకు పెట్టలేదు అని ఆమె అడిగింది. అప్పుడాయన ఉత్తరం కింద తాజా కలం చేర్చాడు. ఈ పదవికి స్త్రీని తీసుకునే ఉద్దేశం గనక ఉంటే మా దగ్గరున్న గెర్‌ట్రూడ్ కాక్స్‌ని సిఫారసు చేస్తాను, అని దాని సారాంశం. వాళ్లు ఆమెనే తీసుకున్నారు. డాక్టరేట్ కూడా లేని ఆ మనిషి అక్కడొక పెద్ద స్టాటిస్టిక్స్ సంస్థనే కట్టింది. 1949లో ఇంటర్నేషనల్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌కి ఎన్నికైన మొదటి స్త్రీ ఆమే.

ఈ కథ చెప్పేవాళ్లంతా ఆమె అడిగిన ప్రశ్న దగ్గర ఆగి మెచ్చుకుంటారు. చూశారా, ధైర్యంగా అడగాలి అంటారు. నేను ఉత్తరం దగ్గర ఆగుతాను. స్నెడెకర్ చెడ్డవాడు కాదు, ఆమె ప్రతిభ ఆయనకి బాగా తెలుసు. అయినా జాబితా రాసేటప్పుడు ఆమె గుర్తుకు రాలేదు. ఆయన దగ్గరున్న సమాచారాన్ని ఆయనే వాడుకోలేదు. పైగా ఆమె ఆ గదిలో ఉంది కాబట్టి అడగగలిగింది. గదిలో లేని మనిషి ఎవర్ని అడుగుతుంది? మన కాలేజీల నుంచి వెళ్లే అమ్మాయికి, ముఖ్యంగా ఇంట్లో ఆమెకి ముందు ఎవరూ డిగ్రీ గడప తొక్కని అమ్మాయికి, అలాంటి ఉత్తరాలు నడుస్తాయనే తెలియదు. ప్రకటనలో ఉన్న అర్హతలన్నీ ఉంటే చాలుననుకుంటుంది.

సిఫారసు ఉత్తరాన్ని మన విమర్శకులు ఎవరూ సాహిత్యంగా చదివినట్టు లేదు. చదవాల్సిన ప్రక్రియే. 2003లో ఫ్రాన్సెస్ ట్రిక్స్, కెరొలిన్ సెంకా అన్న ఇద్దరు పరిశోధకురాళ్లు ఒక అమెరికన్ వైద్య కళాశాలలో అధ్యాపక ఉద్యోగాలకి వచ్చిన మూడు వందలకు పైగా సిఫారసు ఉత్తరాల్ని పదం పదం పరిశీలించారు. ఆడవాళ్ల గురించి రాసినవి పొట్టిగా ఉన్నాయి. కష్టపడుతుంది, బాగా బోధిస్తుంది అన్న తరహా మాటలు ఎక్కువ, పరిశోధన గురించిన మాటలు తక్కువ. మెచ్చుకుంటున్నట్టే ఉండి చిన్న సందేహం నాటే వాక్యాలు ఎక్కువ. మన దగ్గర ఇలాంటి లెక్క ఎవరూ తీసినట్టు నేను చూడలేదు గానీ, స్టాఫ్‌రూములో నా పక్కన కూర్చుని రాసిన ఉత్తరాలు ఎన్నో చూశాను. అబ్బాయి "చురుకైనవాడు, స్వతంత్రంగా ఆలోచిస్తాడు." అమ్మాయి "ఒద్దికైనది, క్రమశిక్షణ గలది, చెప్పిన పని శ్రద్ధగా చేస్తుంది." ఇద్దరికీ ఒకే మార్కులు. పెళ్లిచూపుల భాష పరిశోధన దరఖాస్తులోకి నడిచి వచ్చేసింది. రాసినవాళ్లలో ఆడవాళ్లూ ఉన్నారు. రిజర్వేషన్‌లో చేరిన పిల్లల గురించైతే "నేపథ్యాన్ని దృష్టిలో పెట్టుకుంటే బాగా రాణించాడు" అని రాసేవారు. ఆ మొదటి మూడు పదాలు ఆ పిల్లవాడికి ఏం చేస్తాయో రాసినవారికి తెలియకపోలేదు.

ఎఫ్.ఎన్. డేవిడ్ కథ ఇంకో తీరుది. 1909లో ఇంగ్లండులో పుట్టిన ఈమెకి కుటుంబ స్నేహితురాలైన ఫ్లోరెన్స్ నైటింగేల్ పేరు పెట్టారు. గణితం చదివి బీమా కంపెనీల్లో లెక్కలు వేసే ఆక్చువరీ కావాలనుకుంది. మగవాళ్లనే తీసుకుంటామన్నారు. అప్పుడు లండన్ యూనివర్సిటీ కాలేజీకి వెళ్లి కార్ల్ పియర్సన్ దగ్గర సహాయకురాలిగా చేరింది. సహసంబంధ గుణకానికి ఆమె తయారుచేసిన పట్టికలు 1938లో అచ్చయ్యాయి. ఆ పట్టికల కోసం బ్రున్స్‌విగా అనే చేతి యంత్రం పిడిని సుమారు ఇరవై లక్షల సార్లు తిప్పి ఉంటానని ముసలితనంలో చెప్పింది. తిరగలి పిడి తెలిసిన మనకి ఆ సంఖ్య కొంచెం అర్థమవుతుంది. ఆ కాలపు ప్రయోగశాలల్లో "కంప్యూటర్" అంటే యంత్రం కాదు, కూర్చుని లెక్కలు చేసే మనిషి. ఎక్కువగా ఆడమనిషి. సిద్ధాంతానికి ఒక పేరుంటుంది, పట్టికకి ఉండదు. డేవిడ్‌కి ప్రొఫెసర్ పదవి 1962లో గానీ రాలేదు. ఆ తర్వాత కాలిఫోర్నియా వెళ్లి రివర్‌సైడ్‌లో స్టాటిస్టిక్స్ విభాగాన్ని నడిపింది.

నాకు అందరికంటే ఇష్టమైన మనిషి ఎలిజబెత్ స్కాట్. ఈమె కథని స్ఫూర్తి గాథగా చెప్పడం కష్టం, బహుశా అందుకే ఎవరూ చెప్పరు. ఖగోళ శాస్త్రం చదువుకుంది. ఆ రోజుల్లో మౌంట్ విల్సన్ అబ్జర్వేటరీ దూరదర్శినిని వాడుకునే అవకాశం ఆడవాళ్లకి లేదు. ఆకాశం చూడనివ్వని చోట ఖగోళ శాస్త్రంలో ఏం ఎదుగుతాను అనుకుని బర్కిలీలో నేమన్ దగ్గర స్టాటిస్టిక్స్ వైపు వచ్చింది. 1962లో ప్రొఫెసరైంది. 1968 నుంచి 1973 దాకా విభాగాధిపతి. అంతకుముందు ఆ కుర్చీలో కూర్చున్నవారిలో బ్లాక్‌వెల్ ఒకరు. 1970లో మానవశాస్త్రవేత్త ఎలిజబెత్ కోల్సన్‌తో కలిసి బర్కిలీలో అధ్యాపక స్త్రీల స్థితిగతుల మీద నివేదిక తయారుచేసింది. అక్కడితో వదిలిపెట్టలేదు. ఒక యూనివర్సిటీలో ఆడా మగా జీతాల మధ్య ఉన్న తేడాలో ఎంత అనుభవం వల్ల, ఎంత అర్హత వల్ల, ఎంత కేవలం ఆడమనిషైనందువల్ల అని లెక్కగట్టే పద్ధతిని, ఎవరైనా తమ యూనివర్సిటీలో చేసుకోగలిగేలా, 1977లో ఒక చేతిపుస్తకంగా అమెరికన్ ప్రొఫెసర్ల సంఘం ద్వారా అచ్చువేయించింది.

ఆ చేతిపుస్తకంలో ధైర్యవచనాలేమీ లేవు. మీ జీతాల పట్టిక తెచ్చుకోండి, ఈ గడులు నింపండి, ఇలా గీత గీయండి, గీతకి కింద ఉన్న ఆడవాళ్లెవరో చూడండి - అంతే. దయగల పెద్దమనిషికి ఎప్పుడు గుర్తుకొస్తే అప్పుడు తాజా కలంలో పేరు చేరడం ఒక పద్ధతి. పేరు ఎందుకు లేదో పెద్దమనిషే సంజాయిషీ ఇచ్చుకోవాల్సి రావడం ఇంకో పద్ధతి. స్కాట్ తనకి వచ్చిన విద్యని ఈ రెండోదానికి వాడింది. ఈ రంగంలోనే ఉన్న మనం ఎందరం అలా వాడాం?

ఇక మన దేశానికి వస్తాను. 2008లో ఇండియన్ అకాడెమీ ఆఫ్ సైన్సెస్ 'లీలావతీస్ డాటర్స్' అనే పుస్తకం వేసింది. రోహిణీ గోడ్బోలే, రామ్ రామస్వామి సంపాదకులు. దాదాపు వందమంది భారతీయ స్త్రీ శాస్త్రజ్ఞుల జీవితాలు, చాలావరకు వాళ్ల మాటల్లోనే. అలాంటి పుస్తకం అంతకుముందు లేదు. 2024లో చనిపోయేదాకా గోడ్బోలే ఈ విషయం మీద చేసిన పని చిన్నది కాదు. అందుకే ఆ పుస్తకంతో పేచీ పెట్టుకోవడం దానికి గౌరవమే అనుకుంటాను.

మొదటి పేచీ పేరుతోనే. లీలావతి ఎవరు? 1150 ప్రాంతంలో భాస్కరాచార్యుడు రాసిన గణిత గ్రంథం. ఆయన కూతురి పేరనీ, నీటి గడియారంలో ముత్యం పడి ముహూర్తం తప్పిపోయి ఆమె పెళ్లి ఆగిపోతే, ఓదార్పుగా తండ్రి ఆ గ్రంథం రాసి ఆమె పేరు పెట్టాడనీ కథ. ఆ కథ భాస్కరుడి గ్రంథంలో లేదు. అక్బరు కాలంలో ఫైజీ చేసిన పారసీ అనువాదంలో ఉంది. గ్రంథంలో ఉన్నదల్లా ఒక సంబోధన. ఓ బాలా, ఓ లేడికన్నులదానా, ఈ లెక్క చెప్పు అంటూ పదేపదే అడుగుతాడు. ఆమె ఒక్క జవాబూ మనకి వినపడదు. లెక్క చెయ్యగలదో లేదో తెలియదు, కళ్లు మాత్రం బాగుంటాయని తెలుస్తుంది. తొమ్మిది వందల ఏళ్ల తర్వాత సొంతంగా పరిశోధన చేసిన వందమందిని ఆమె కూతుళ్లనడంలో ఉన్న వ్యంగ్యం సంపాదకులు ఉద్దేశించిందో కాదో!

రెండో పేచీ గట్టిది. ఆ వ్యాసాలు వరసగా చదువుతుంటే ఒక మాట మళ్లీ మళ్లీ వస్తుంది. నాన్నగారు చదివించారు, భర్త సహకరించారు, అత్తగారు పిల్లల్ని చూసుకున్నారు. నేనదృష్టవంతురాల్ని. అవి అబద్ధాలని కాదు. ఆ "అదృష్టం" అనే మాట అక్కడ ఏ పని చేస్తోందో చూడండి. అదృష్టం లేనివాళ్లు ఆ పుస్తకంలో లేరు. మిగిలిపోయినవాళ్లను మాత్రమే చూసి సూత్రం చెప్పకూడదని మేం మొదటి సంవత్సరం క్లాసులోనే చెబుతాం. ఆ తర్వాత 2010లో అదే అకాడెమీ, బెంగుళూరు నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అడ్వాన్స్‌డ్ స్టడీస్‌తో కలిసి, డాక్టరేట్ చేసి పరిశోధన వదిలేసిన స్త్రీలని కూడా వెతికి అడిగి ఒక నివేదిక తెచ్చింది. ఇల్లూ పిల్లలే కారణం అన్న వాడుక మాటని ఆ నివేదిక గట్టిగా ప్రశ్నించింది. ఉద్యోగం దొరక్కపోవడం, సంస్థల తీరు అనేవి కూడా కారణాలేనని తేల్చింది. సాహిత్యంగా 'లీలావతీస్ డాటర్స్' ఎంతో చదివిస్తుంది. నిజం మాత్రం పొడిపొడిగా ఉన్న ఆ నివేదికలోనే ఎక్కువుంది.

ఆ వంద జీవితాల్లో కులం ప్రసక్తి దాదాపు రాదు. అది రాకపోవడానికి అర్థం మనకి తెలుసు. భారతీయ విజ్ఞానశాస్త్రంలో కులాన్నీ స్త్రీనీ కలిపి చూసిన పుస్తకం కోసం 2011లో వచ్చిన అభా సూర్ రచన 'డిస్పర్స్‌డ్ రేడియన్స్' దాకా ఆగాలి. అది భౌతికశాస్త్రం గురించి. స్టాటిస్టిక్స్ గురించి అలాంటిదొకటి ఎవరో రాయాలి. పంచవర్ష ప్రణాళికలకి లెక్కలు కట్టి, దేశంలో ఎవరు ఎంత తింటున్నారో నమూనా సర్వేలు చేసిన ఈ శాస్త్రం, తన అధ్యాపకుల్లో ఎవరెంతమందో లెక్కపెట్టుకోవడానికి మాత్రం సిగ్గుపడుతుంది. 1931లో మొదలైన ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌కి మొదటి స్త్రీ డైరెక్టర్ సంఘమిత్రా బందోపాధ్యాయ 2015లో వచ్చింది. అధ్యాపక నియామకాల్లో రిజర్వేషన్ కోసం 2019లో చేసిన కేంద్ర చట్టంలోనే జాతీయ ప్రాముఖ్యం ఉన్నవంటూ కొన్ని పరిశోధనా సంస్థలకి మినహాయింపు ఇచ్చారు. ప్రతిభ ఎక్కడ ఉండాలో అక్కడికి సామాజిక న్యాయం రాకూడదని రాతపూర్వకంగా చెప్పడమే కదా ఇది. మన రావుగారి పేరు మీద ఉన్న గణిత, గణాంక సంస్థ హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ ప్రాంగణంలో ఉంది. సైన్స్ గురించి రాయాలని కలగన్న రోహిత్ వేముల 2016 జనవరి 17న ప్రాణం తీసుకున్నదీ ఆ ప్రాంగణంలోనే. బ్లాక్‌వెల్‌కి నేమన్ ఉన్నాడు, పన్నెండేళ్లు ఆలస్యమైనా.

ప్రభుత్వం ఏమీ చెయ్యడం లేదని అనను. చదువు మధ్యలో ఆగిపోయిన స్త్రీ శాస్త్రజ్ఞులకి ఫెలోషిప్పులు 2000ల మొదట్లోనే మొదలయ్యాయి. కొందరికి అవి నిజంగా ప్రాణం పోశాయి. కానీ మూడేళ్ల ప్రాజెక్టు అయ్యాక పోస్టు ఎక్కడ? తిరిగి రమ్మని పిలిచి అరుగు మీద కూర్చోబెట్టడం అది. స్త్రీ నైపుణ్యాన్ని పెంచడానికి పథకాలు బోలెడు. నియామకం చేసే కమిటీ అలవాట్లు మార్చడానికి ఒక్కటి కూడా చాలా ఆలోచిస్తే గానీ గుర్తుకు రాదు.

నా దగ్గర చదువుకున్న ఒకమ్మాయి ఎం.ఎస్సీ.లో యూనివర్సిటీ ఫస్టు వచ్చి, 2009లో పెళ్లయి అమెరికా వెళ్లింది. భర్తది హెచ్-1బి వీసా, ఆమెది దానిమీద ఆధారపడ్డ హెచ్-4. చదువుకోవచ్చు గానీ ఉద్యోగం చెయ్యకూడదు. తెలుగు నేల నుంచి ఇలా వెళ్లి వంటింట్లో కూర్చున్న లెక్కల డిగ్రీలు ఎన్నో! వీళ్ల కోసం ఏ సర్వేలోనూ ప్రత్యేకమైన గడి ఉండదు. 2015లో నిబంధన మార్చి, భర్తకి గ్రీన్‌కార్డు ప్రక్రియ ఒక దశ దాటితే భార్యకి పనిచేసే అనుమతి ఇచ్చారు. అంటే ఆమె ఉద్యోగం ఆయన ఫైలు కదలిక మీద ఆధారపడింది. ఆమెకి అనుమతి వచ్చేసరికి డిగ్రీకి ఎనిమిదేళ్ల దుమ్ము పట్టింది. ఇప్పుడొక ఆస్పత్రిలో డేటా విశ్లేషణ చేస్తోంది, తనకంటే పదేళ్ల చిన్నవాడి కింద. "మేడమ్, నన్నెవరూ ఆపలేదండీ. అందరూ మంచివాళ్లే. ఫారంలో నాకు గడి లేదంతే" అంది ఫోనులో. ఈ మాట ముందు స్ఫూర్తి గాథలేవీ నిలబడవు.

డేటా సైన్స్ వచ్చాక ఈ గోడలు కూలతాయని చాలామంది ఆశపడ్డారు. కొత్త విద్య, యంత్రానికి కులం లేదు, లింగం లేదు అన్నారు. 2018 అక్టోబరులో రాయిటర్స్ వార్తాసంస్థ బయటపెట్టిన సంగతి అందరూ చదవాలి. అమెజాన్ కంపెనీ దరఖాస్తుల్ని జల్లెడ పట్టడానికి ఒక ప్రోగ్రాం తయారుచేసింది. పదేళ్లుగా తమకి వచ్చిన దరఖాస్తులతో దానికి తర్ఫీదు ఇచ్చింది. వాటిలో ఎక్కువ మగవాళ్లవి. యంత్రం పాఠం బాగా నేర్చుకుంది. "మహిళల" అన్న మాట కనిపిస్తే మార్కులు తగ్గించింది. రెండు మహిళా కళాశాలల పట్టభద్రుల్ని కిందికి నెట్టింది. ఆ ప్రోగ్రాంని చివరికి వదిలేశారు. తిరుపతి పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం నుంచో, కోఠి విమెన్స్ కాలేజీ నుంచో వచ్చిన అమ్మాయి దరఖాస్తుని అలాంటి జల్లెడలో వేసి ఊహించండి. స్నెడెకర్‌ని నా పేరేదీ అని అడగొచ్చు. జల్లెడని ఏమని అడుగుతాం?

అడిగినవాళ్లు లేకపోలేదు. అదే 2018లో జాయ్ బులామ్విని, టిమ్నిట్ గెబ్రూ అనే ఇద్దరు నల్లజాతి స్త్రీలు, ముఖం చూసి ఆడో మగో చెప్పే ప్రోగ్రాములను పరీక్షించారు. తెల్లని మగవాళ్ల విషయంలో తప్పు ఎక్కువలో ఎక్కువ 0.8 శాతం. నల్లని ఆడవాళ్ల విషయంలో అది 34.7 శాతం దాకా పోయింది. ఆ ప్రోగ్రాములు రాసినవాళ్లెవరికీ ఇది కొలవాలని తట్టలేదు. సగటు తప్పు తక్కువే ఉంది కాబట్టి సంతోషంగా ఉన్నారు. గెబ్రూ 2017లో 'బ్లాక్ ఇన్ ఏఐ' అనే బృందాన్ని మొదలుపెట్టినవారిలో ఒకరు. 2020 డిసెంబరులో, పెద్ద భాషా నమూనాల ప్రమాదాల మీద రాసిన వ్యాసం దగ్గర తగువొచ్చి గూగుల్ నుంచి బయటికొచ్చింది. ఆమె తీసేశారంది, కంపెనీ రాజీనామా అంది. మనల్ని పిలిచి కుర్చీ వేసేవాళ్లకి మన లెక్క మాత్రం అక్కర్లేదన్నది అప్పుడు చాలామందికి అర్థమైంది.

డేటా సైన్స్‌లో ఆడవాళ్లు తక్కువ అని వాపోయే సభల్లో నాకొక సందేహం వస్తుంది. డేటాని పుట్టించేదెవరు? 2021లో పోషణ్ ట్రాకర్ వచ్చాక ప్రతి అంగన్‌వాడీ టీచరూ పిల్లల బరువులూ ఎత్తులూ ఫోనులో ఎక్కించాల్సిందే. ఢిల్లీలో ఎవరో దానిమీద గ్రాఫులు గీసి డేటా సైంటిస్టు అనిపించుకుంటారు. సిగ్నల్ లేని ఊళ్లో చెట్టెక్కినంత పనిచేసి అంకె పంపినామె "గౌరవ వేతనం" తీసుకునే కార్యకర్త. 2023 డిసెంబరు నుంచి 2024 జనవరి దాకా ఆంధ్రప్రదేశ్‌లో అంగన్‌వాడీలు 42 రోజులు సమ్మె చేశారు, జీతం పెంచమనీ గ్రాట్యుటీ ఇమ్మనీ. స్టాటిస్టిక్స్ విభాగాల నుంచి వాళ్ల తరఫున ఒక్క మాట వచ్చినట్టు నేను వినలేదు. బ్రున్స్‌విగా పిడి తిప్పిన చేతికీ ఈ ఫోను నొక్కే వేలికీ బంధుత్వం లేదా? డేవిడ్ ప్రొఫెసరు కాగలిగింది, ఎంత ఆలస్యంగానైనా. అంగన్‌వాడీ టీచరు లెక్కల్లో ఎదగడానికి ఒక్క మెట్టు కూడా ఎవరూ కట్టలేదు.

సి.ఆర్. రావుగారు ఒక పుస్తకాన్ని తన తల్లి లక్ష్మీకాంతమ్మకి అంకితమిచ్చారు. చిన్నప్పుడు రోజూ తెల్లవారుజామున నాలుగింటికి తనని లేపి, చదువుకోవడానికి నూనెదీపం వెలిగించి పెట్టేదని అందులో రాశారు. అందరూ ముచ్చటపడి చెప్పుకునే సంగతే. ఆయన పదిమంది సంతానంలో ఎనిమిదోవారు. పదిమంది పిల్లల తల్లి నాలుగింటికి దీపం వెలిగించిందంటే ఆమె ఎప్పుడు పడుకున్నట్టు? ఆ గంటలు ఏ లెక్కలోకీ రాలేదు. రావడానికి అప్పట్లో గడి లేదు. 2001 జనాభా లెక్కల్లో కూడా గృహిణుల్ని పని లేనివాళ్లుగా, బిచ్చగాళ్లతో ఖైదీలతో కలిపి వేశారని 2010లో సుప్రీంకోర్టే తప్పుపట్టింది.

ఆ గడి ఎలా వచ్చిందో చూస్తే, రంగంలో ఎవరుంటే ఏం మారుతుందో తెలుస్తుంది. 1970ల్లో దేవకీ జైన్, మాలినీ చంద్ రాజస్థాన్, పశ్చిమ బెంగాల్ పల్లెల్లో ఆడవాళ్లూ పిల్లలూ రోజంతా ఏ పని ఎంతసేపు చేస్తారో కూర్చుని రాసుకున్నారు. ప్రభుత్వ సర్వేల్లో పని లేనట్టు కనిపించినవాళ్లకి ఎంత పనుందో చూపించారు. ఇందిరా హిర్వే వంటి ఆర్థికవేత్తలు పట్టుబట్టగా పట్టుబట్టగా 1998-99లో ఆరు రాష్ట్రాల్లో ప్రయోగాత్మకంగా సమయ వినియోగ సర్వే జరిగింది. దేశమంతటా జరగడానికి 2019 దాకా పట్టింది. 2024లో రెండోసారి చేశారు. ఇంటి పని చేసే ఆడవాళ్లు దానికి రోజుకి సగటున 289 నిమిషాలు పెడుతుంటే, ఆ పని చేసే మగవాళ్లు పెట్టేది 88 నిమిషాలు. ఎవరూ ఇప్పించని సెలవు రోజులన్నీ ఆ 289లో ఉన్నాయి. పరిశోధన చెయ్యాల్సిన సాయంత్రాలు, అచ్చుకి పంపని వ్యాసాలు కూడా.

ఆ సర్వే ఫారం నేను తెప్పించుకుని చూశాను. రోజుని అరగంటల గడులుగా విడగొట్టారు. ఒకే గడిలో ఒకటికన్నా ఎక్కువ పనులు రాసుకోవడానికి చోటుంది. ఇరవై నాలుగ్గంటల లెక్క అర్ధరాత్రి నుంచి మొదలవదు. మొదటి గడి తెల్లవారుజామున నాలుగింటిది.